తట్టక ముందు ముల్లు

మా బావ సన్యాసిరాజు ఎక్కని ఓడ విశాఖ హార్బర్‌లో లేదు. ఆయన ఎక్కాక కదిలిన ఓడ మాత్రం ఒక్కటీ లేదు.

ఓడల్లో ప్రెషర్ గేజిలు సరిచూడటం మా పని. గుండ్రటి మొహం, అద్దం కింద అంకెలు, మధ్యలో ఒక ముల్లు. బాయిలర్‌లో ఆవిరి ఎంత ఒత్తిడిలో ఉందో, పైపులో నూనె ఎంత జోరుగా పారుతోందో ఆ ముల్లు చెబుతుంది. అది చెప్పేది నిజమో అబద్ధమో మేం చెబుతాం. ఓడ రేవులో కట్టేసి ఉన్నప్పుడే ఇదంతా. తాళ్లు విప్పే వేళకి పెట్టె సర్దుకుని నిచ్చెన దిగిపోవాలి. పంక్తి పొడుగునా వడ్డించినవాడికి ఆకు వెయ్యని పెళ్లి ఎక్కడైనా ఉంటే అది మాదే.

నాకు దాంతో పేచీ లేదు. నేలంటే నాకు ఇష్టం. బావకే ఆ పిచ్చి. పాత పోస్టాఫీసు వీధిలో మా షాపు. మధ్యాహ్నం భోంచేసి చాప మీద ఒరిగాడంటే ఆయనకి అదే కల. ఇంజన్ రూములో నిలబడి ఉంటాడట. ఎవరూ ఉండరట. కాళ్ల కింద ఇనుప రేకు చిన్నగా అదురుతూ, ఓడంతా ఒక ఊపిరి పీల్చుకుని కదులుతుందట. "కదిలింది రా నరేషూ" అంటూ లేచి కూర్చునేవాడు. ఆ మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. మా అక్క నాగమణి ఒకసారి ఆయన్ని బీచ్ దగ్గర టూరిస్టు బోటు ఎక్కించింది. తిరిగొచ్చి, అది పడవే గానీ ఓడ కాదని తేల్చేశాడు. టిక్కెట్టు దండగైందని అక్క వారం రోజులు సాధించింది.

షాపు ఒకప్పుడు జిలానీ బాషా గారిది. బావ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. పోయే ముందు ఆయన బావకి రెండు ఇచ్చి పోయారు. ఒకటి ఇత్తడి మాస్టర్ గేజి. ఓడలోని గేజి పక్కన దీన్ని బిగించి, రెంటినీ పోల్చి చూస్తాం. ఏ గేజి అబద్ధమాడినా ఇది ఆడదు. రెండోది ఒక సూత్రం. గేజిని ముందు ఉన్నదున్నట్టు చదవాలి. తర్వాత అద్దం మీద గోరుతో రెండుసార్లు తట్టి, మళ్లీ చదవాలి. లోపలి చక్రాల పళ్లు అరిగితే ముల్లు ఎక్కడో పట్టేసి నిలబడిపోతుంది, తడితే గానీ నిజం దగ్గరికి రాదు. తట్టాక కనబడేది దాని మనసులో మాట. కానీ ఓడలో వాళ్లు చూసేది తట్టక ముందుదే కదా, అందుకని ముందు చదవాలి.

ఈ తట్టడం బావకి ఎంత అలవాటైందంటే పుచ్చకాయ, ప్రెషర్ కుక్కర్, గోడ గడియారం, కరెంటు మీటరు, దేన్నీ వదలడు. అక్క అలిగి కూర్చుంటే ఆవిడ భుజం మీదా తట్టి చూస్తాడు. అప్పుడు ముల్లు ఎటు తిరుగుతుందో చెప్పలేం.

ఆ చలికాలంలో బొగ్గు దింపిన ఓడ ఒకటి మాకు పని ఇచ్చింది. దాని చీఫ్ ఇంజనీరు తెల్లగడ్డం పెద్దమనిషి. నూనె గేజిలు కొన్నిటిని ఇంజన్ నడుస్తుండగానే చూడాలన్నాడు. మధ్యాహ్నం సముద్రం పోటెత్తగానే ఓడ రేవు వదిలి బయట సముద్రంలో లంగరు వేస్తుంది. మీలో ఒకరు మాతో వచ్చి, దారిలో ఆ పని చేసి, సాయంత్రం లాంచీలో వెనక్కి రావచ్చు అన్నాడు.

ఓడ ఏజెంటు సాయిశంకర్ రూల్సు మనిషి. తుమ్మడానికి కూడా పర్మిషన్ కావాలంటాడు. ఎలాగో గొణుక్కుంటూ ఓడతో పాటు వెళ్లడానికి పాసు తెచ్చాడు. ఒక్క మనిషికి. ఆ ఒక్కడు ఎవరన్నది మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అక్క పులిహోర కలిపి కట్టింది. వాంతులొస్తే వాసన చూడమని జేబులో నిమ్మకాయ పెట్టింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేజిలు చూడ్డానికి ఇస్త్రీ చొక్కా ఏమిటని ఏడిపించాను గానీ, నా పెళ్లికి కూడా నేనంత ఆనందపడలేదు. ఆయన ఒక్కసారి కదిలితే చాలనిపించింది.

పొద్దున ఓడెక్కేసరికి మంచు ఇంకా విడవలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ సగమే ఉంది, మిగతా సగం ఎవరో చెరిపేసినట్టుంది. క్రేన్లు మబ్బులోంచి వేలాడుతున్నాయి. బావ పని చేస్తున్నాడే గానీ ఈ లోకంలో లేడు. ఒక గేజి అయ్యాక రెండోదానికి వెళ్తూ మధ్యలో ఆగి, ఓడ గోడకి అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటున్నాడు. లేగదూడ పొట్ట మీద చెయ్యి వేసినట్టు. ఆయన చూసినవాటికి నేను స్టిక్కర్లు అంటిస్తూ వెనకాల నడిచాను.

మధ్యాహ్నానికి రేవులో చెయ్యాల్సిన పని అయిపోయింది. తాళ్లు విప్పే మనుషులు వచ్చారు. ఓడని రేవు నుంచి సముద్రంలోకి పోయే కాలువ దాటించే పైలట్ కాసేపట్లో వస్తాడన్నారు. బయల్దేరే ముందు ఇంజన్‌ని ఒకసారి గాలితో తిప్పి చూస్తారు. ఇంత పెద్ద ఇంజన్ స్టార్ట్ అయ్యేది కూడా పెద్ద పెద్ద సిలిండర్లలో నింపిన గాలితోనే. చీఫ్ మీట లాగాడు. భుస్సుమని ఇంజన్ రూమంతా నిట్టూర్చింది. బావ మొహం వెలిగిపోయింది. అది ఆయన కలలో ఊపిరే.

ఆ వెలుగులోనే ఆయన కన్ను ఇంజన్ పక్కనున్న గాలి గేజి మీద పడింది. అంత గాలి ఖర్చయింది, ముల్లు దిగాలి. దిగలేదు. కింద సిలిండర్ల దగ్గరున్నవి దిగాయి, ఇది మాత్రం ఉన్నచోటే కూర్చుంది. బావ గోరుతో తట్టాడు. ముల్లు ఉలిక్కిపడి జారి కిందికి వచ్చింది.

మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. పొద్దున ఈ గేజి దగ్గర ఆయన చూపు కంటే వేలు ముందు వెళ్లింది. చదవకుండానే తట్టేశాడు. తట్టాక ముల్లు సరైన చోటే నిలబడింది, బాగుందన్నాడు. నేను స్టిక్కరు అంటించాను. జన్మలో ఆయన చెయ్యని తప్పు అది. ఓడ కదులుతుందన్న మైకంలో చేశాడు.

చుట్టూ చూశాను. చీఫ్ అటు తిరిగి ఉన్నాడు. బావ చెవి దగ్గరికి వంగాను.

"బావా, ఒగ్గేయ్. ఇంజన్ నడిత్తే ఆ అదురుకి అదే సర్దుకుంటాది."

"ఇంజన్ నడిసేటప్పుడు ఈ గేజి ఎవుడు సూత్తాడ్రా? ఆగిపోయినప్పుడు గదా సూసేది."

కాలువలో ఓడ మలుపు తిరిగేటప్పుడు ఇంజన్ ఆపుతారు, మళ్లీ స్టార్ట్ చేస్తారు, మళ్లీ ఆపుతారు. ప్రతిసారీ గాలి కావాలి. నిండుగా ఉందని ముల్లు చెప్పి, లోపల లేకపోతే ఇంజన్ లేవదు. పక్కనే కొండ రాళ్లు. ఇవన్నీ నాకు తెలిసినవే. తెలిసే వదిలెయ్యమన్నాను, ఆయన మీద ప్రేమ అలాంటిది.

బావ వెళ్లి చీఫ్‌తో చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు. చీఫ్ స్టోరంతా వెతికించాడు, ఆ సైజు గేజి లేదు. ద్వారకా నగర్ షాపుల నుంచి తెప్పించేలోపు పోటు దాటిపోతుంది, ఓడ రేపటికి ఆగుతుంది. ఓడని సాగనంపడానికి వచ్చిన సాయిశంకర్ తల పట్టుకున్నాడు.

బావ పెట్టె తెరిచి, బాషా గారి పాత రుమాలు విప్పి, మాస్టర్ గేజిని బయటికి తీశాడు. పట్టేసిన గేజిని విప్పి, ఆ చోట దీన్ని బిగించాడు. చీఫ్ గాలి వదిలాడు. బావ చేతులు వెనక్కి కట్టుకుని చదివాడు. తర్వాత తట్టి చదివాడు. రెండూ ఒకటే. ఆ ఇత్తడి మొహం అక్కడ కొత్త కోడలిలా మెరుస్తోంది.

మరి నూనె గేజిల్ని దేంతో పోల్చి చూస్తావని చీఫ్ అడిగాడు. వచ్చే రేవులో చేయించుకోమన్నాడు బావ. అప్పటికి గానీ సాయిశంకర్‌కి వెలగలేదు. పని లేనప్పుడు పాసు చెల్లదన్నాడు. పోనీ ఊరికే రానీ అని చీఫ్ అన్నా ఒప్పుకోలేదు. పని లేని మనిషిని ఓడలో పంపితే తన ఉద్యోగం పోతుందన్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. వాడి రూల్సునీ, వాడి ఫైలునీ, వాడి బూట్లనీ కూడా తిట్టాను. బావ నా మోచెయ్యి పట్టుకుని నిచ్చెన వైపు నడిపించాడు. గేజిని ఏదో ఒక రేవు నుంచి పంపిస్తానని చీఫ్ వెనక నుంచి అన్నాడు. బావ ఆయనకి నమస్కారం పెట్టాడు.

షాపుకి పోదామంటే బావ వద్దన్నాడు. స్కూటర్ కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పోనిమ్మన్నాడు. మధ్యాహ్నమైనా అక్కడ మంచు విడవక పల్చటి పాలలా ఉంది. ఒక కొండ మీద చర్చి, ఒక కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద గుడి, మూడూ గాల్లో తేలుతున్నాయి. కాసేపటికి ఓడ వచ్చింది. ఓడలా లేదు. మేడలూ కిటికీలూ దీపాలతో ఒక వీధి వీధంతా లేచి చప్పుడు లేకుండా నడిచి వెళ్తున్నట్టుంది. మలుపు దగ్గర ఇంజన్ ఆపారు. నిశ్శబ్దం. మళ్లీ భుస్సుమంది.

"ముల్లు ఇరవయ్యారుకి దిగింది" అన్నాడు బావ.

చూస్తే ఆయన కళ్లు మూసుకుని ఉన్నాయి. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఒడ్డు మీద రాళ్లలో నిలబడి మెల్లగా అటూ ఇటూ ఊగుతున్నాడు. ఒక్క క్షణం నా కాళ్ల కింద నేల కూడా నమ్మకంగా అనిపించలేదు. ఓడ కొండ చివర దాటేదాకా ఆయన అలాగే ఊగాడు. ఆ తర్వాత మంచు మూసుకుంది.

బావ రాయి మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. తినరా, అక్క బాగా చేసింది అన్నాడు. ఆయన నవ్వుతున్నాడు. ఓడ దిగినప్పుడూ ఇదే నవ్వు. స్కూటర్ ఎక్కినప్పుడూ ఇదే. గంట నుంచి ఆ నవ్వు ఉన్నచోటు నుంచి వెంట్రుకంత కదల్లేదు.

నేను పులిహోర ముట్టుకోలేదు. ఆయన భుజం మీద గోరుతో రెండుసార్లు తట్టాను.

నవ్వు జారిపోయింది. పెద్ద మనిషి, ఇస్త్రీ చొక్కా చేతులతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పక్కనే కూర్చున్నాను. ఎంతసేపటికో జేబులోంచి నిమ్మకాయ తీసి, వాసన చూసి, ముక్కు తుడుచుకున్నాడు.

"తట్టేవు సరే. ముందు సదివేవేట్రా?"

"సదివే తట్టేను బావా."