పోల్చుకోలేని మందు

చెంప తిమ్మిరెక్కిందని గణపతిరావు చెప్పినప్పుడు మొదట ఎవరూ పట్టించుకోలేదు. కోవిడ్‌తో పదమూడు రోజులు ఆస్పత్రిలో ఉండి, స్టెరాయిడ్ల పుణ్యమా అని బతికి బయటపడి, సీతారాండేరా పేటలోని తమ ఇంటికొచ్చి వారం తిరగలేదు. ఒంట్లో చక్కెర మాత్రం మూడొందల నుంచి దిగనంటోంది. పన్ను పోటనుకుని భార్య కస్తూరమ్మ లవంగ నూనె రాసింది. మూడో రోజు పొద్దున్న కన్ను కూడా వాచేసరికి, కూతురు గీతాంజలి ఆయన నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. అంగిట్లో రూపాయి బిళ్లంత మేర నల్లగా మాడి ఉంది.

గీతాంజలి ఊళ్లోనే ఒక ఆస్పత్రిలో ఫార్మసిస్టు. ఆ నలుపేమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ మే నెలలో అదే నల్ల బూజు, బ్లాక్ ఫంగస్, పట్టినవాళ్లు అప్పటికే పదకొండు మంది వాళ్ల వార్డులో ఉన్నారు.

మర్నాడే ఆపరేషన్ చేశారు. ఎడమ పక్క పై దవడ, ఎడమ కన్ను తీసేశారు. కత్తికి అందినంతా తీశామని, అందనిదాన్ని మందే చంపాలని డాక్టరమ్మ చెప్పింది.

ఆ మందు పేరు ఆంఫోటెరిసిన్. దాన్ని సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టి చేసిన రకం ఒకటుంది. అది మూత్రపిండాల జోలికి అంతగా పోదు. కానీ ఆ నెల దేశమంతా దాని కోసమే వెతుకుతోంది. గీతాంజలి ఊళ్లోని జుగ్సలాయి బజారులో హోల్‌సేల్ మందుల కొట్లన్నీ తిరిగింది, రాంచీకి, కటక్‌కి ఫోన్లు చేసింది. ఎక్కడా దొరకలేదు. దొరికిందల్లా పాత రకం, బుడగలు లేని ఉత్త మందు.

మొదటి సీసా ఆమే కలిపింది. ఉప్పునీటిలో కలిపితే విరిగిపోతుంది కాబట్టి గ్లూకోజులో కలిపి, వెలుతురు తగలకుండా నల్ల కాగితం చుట్టి వేలాడదీసింది. గణపతిరావు మిగిలిన ఒక్క కంటితో అదంతా చూస్తున్నాడు. రైల్వేలో ముప్పై ఆరేళ్లు గూడ్సు గార్డుగా చేసిన మనిషి. ఏ పనైనా ఎలా జరుగుతుందో తెలియకపోతే తోచదు. అంగిలి పోవడంతో మాట ముక్కులోంచి వస్తోంది.

"ఏటమ్మా, బూజేదో నేనేదో ఈ మందుకెలా తెలుత్తాది?"

ఆ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన గీతాంజలి తల్లితో హిందీలోనే మాట్లాడేస్తుంది గానీ, తండ్రితో మాత్రం తెలుగే.

"తెలీదు నాన్నా. ప్రతి కణానికీ చుట్టూ కొవ్వుతో అల్లిన పల్చటి పొర ఉంటాది. బూజు పొరలో ఎర్గోస్టెరాల్ అని ఒకటుంటాది. మందు పోయి దాన్ని పట్టుకుని పొరకి బెజ్జాలు పెడతాది. లోపలి ఉప్పులన్నీ కారిపోయి బూజు చస్తాది."

"మరి మన పొరలో ఏటుంటాది?"

"కొలెస్టరాల్."

"రెండూ ఒకలాగే ఉంటాయా?"

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది. "అన్నదమ్ముల్లా ఉంటాయి. మందు ఎక్కువగా బూజునే పట్టుకుంటాది గానీ, మనవాటినీ వదల్దు. మూత్రపిండాల్లో మరీని."

"అయితే నాకూ బెజ్జాలు పడతాయన్నమాట." ఆయన కాసేపు సీసా వంక చూశాడు. "సరే, ఎక్కించు."

గంట తిరక్కుండా చలి మొదలైంది. మంచం చువ్వలు గడగడమనేంత వణుకు. కస్తూరమ్మ రెండు దుప్పట్లు కప్పి కాళ్ల మీద పడుకుని అదిమి పట్టింది. రోజూ ఇదే తంతు. ఆరో రోజుకి మూత్రం తగ్గింది. రక్త పరీక్షలో మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని తేలింది. అప్పటికి గణపతిరావు జ్వరం మగతలో ఉన్నాడు, ఏమడిగినా పలకడంలేదు. డాక్టరమ్మ తల్లీకూతుళ్లను బయటికి పిలిచింది. మందు రెండు మూడు రోజులు ఆపితే మూత్రపిండాలు తేరుకోవచ్చు. బూజు మెదడుకు వేలెడు దూరంలో ఉంది. ఏం చేయమంటారో మీరే చెప్పండి అంది.

"ఆపేయమను," అంది కస్తూరమ్మ. "బూజు కాదే, ఈ మందే ఆయన్ని సంపేత్తంది."

"రోక్ దియా తో దిమాగ్ మే చఢ్ జాయేగా, మా," అంది గీతాంజలి. ఆపితే బూజు మెదడుకెక్కేస్తుందని.

"నువ్వు సదివిన సదువు నాకొద్దు. ఆపమను."

గీతాంజలి ఆపమనలేదు. మందు ఆపకుండా ఎక్కించడానికి ఒప్పుకుంటున్నట్టు కాగితం అందుకుని సంతకం పెట్టింది. తల్లి అక్కడే గోడకు ఆనుకుని కూలబడిపోయింది.

మూడు వారాలకు స్కానులో బూజు జాడ లేదు. మూత్రపిండాలు మాత్రం తిరిగి రాలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్, అంగిటికి ప్లాస్టిక్ పలక, రోజుకి మూడే గ్లాసుల నీళ్లు. అంతకు మించితే బయటికి పోయే దారి లేక ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఆ నీళ్లు గీతాంజలే కొలిచి పోసేది. గణపతిరావు మిగతా బాధలన్నీ ఓర్చుకున్నాడు గానీ దాహానికి ఓర్చుకోలేకపోయాడు. తడిగుడ్డ చప్పరించేవాడు. కుళాయి చప్పుడైతే అటే తల తిప్పేవాడు. "ఇంకొక్క గుక్క, అమ్మా," అనేవాడు. "వద్దు నాన్నా," అనేది. చివరికి అడగడం మానేసి ఆమె వైపు చూడటమే మానేశాడు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం గీతాంజలి డ్యూటీ నుంచి పెందలాడే వచ్చింది. గది తలుపు సగం తెరిచి ఉంది. కస్తూరమ్మ భర్త తలని తన భుజానికి ఆనించుకుని చెంబెత్తి తాగిస్తోంది. ఆయన రెండు చేతులతో ఆ చెంబుని పట్టుకున్నాడు. అది అయ్యాక ఆమె ఇంకో చెంబు ముంచింది. గీతాంజలి గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్క కేక వేస్తే ఆగిపోయేది. వేయలేదు. చప్పుడు చేయకుండా వెనక్కి నడిచి, వీధి అరుగు మీద కూర్చుంది.

తెల్లారేసరికి ఊపిరితిత్తుల్లో నీరు నిండింది. ఆస్పత్రికి చేర్చారు గానీ డయాలసిస్ మిషను మీదికి ఎక్కించేలోపే ప్రాణం పోయింది.

దినకార్యాలు అయిన మర్నాడు, చుట్టాలు వెళ్లిపోయాక, కస్తూరమ్మ కూతురి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నీళ్లు నేనే ఇచ్చాను."

"చూశాను," అంది గీతాంజలి, తెలుగులోనే.

కస్తూరమ్మ ముందుకు వంగింది. "సూసీ ఎందుకు ఆపలేదే?"

"ఆయన మొహం చూశానమ్మా."

 తల్లి క్షమించానని అనలేదు. లేచి వంటింట్లోకి పోయి రెండు కంచాలు పెట్టింది. మే నెల తర్వాత ఇద్దరూ కలిసి కూర్చుని అన్నం తినడం అదే మొదలు.