మూకుడు ఒకరిది, పెనం ఒకరిది

అన్నదమ్ములిద్దరూ దుకాణం పంచుకోవడానికి కూర్చుని గరిటెల దగ్గర కూడా పట్టుబట్టారు. మూత పోయిన ఒక గిన్నె కోసం చాలాసేపు వాదించుకున్నారు. అంతకుముందు ఆ గిన్నెను ఇద్దరిలో ఒక్కరూ తోమిన పాపాన పోలేదు.

పెద్ద కోడలు వంటగది గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చిన్నవాడు పెళ్ళాన్ని తీసుకుని వేరే ఊరికి పోతాడు, అక్కడ బండి పెట్టుకుంటాడు. దుకాణం పెద్దవాడికి ఉండిపోతుంది. ఇద్దరికీ మాటా మాటా పెరిగి చాలాకాలమైంది కాబట్టి ఇది ఎప్పటికైనా జరిగేదేనని ఆమెకు తెలుసు. అయినా మరిది పోతే పోనీ, తోడికోడలు పోతుందే అన్నదే ఆమె దిగులు.

"మరి టాకోల సంగతేంటన్నయ్యా?" అన్నాడు చిన్నవాడు.

"లోపలి కూర మాది. రొట్టె మీది. ఎవరిది వాళ్ళు చేసుకుందాం" అన్నాడు పెద్దవాడు, పెద్ద తీర్పు చెప్పినట్టు.

కూర లేని రొట్టె, రొట్టె లేని కూర టాకో ఎలా అవుతాయో ఆ మహానుభావులిద్దరికీ తట్టనే లేదు. తట్టినా అడిగేవాళ్ళెవరు? ఆడవాళ్ళను ఆ గదిలోకి పిలిచింది టీలు అందించడానికే.

మొదట్లో అది ఒట్టి నూడుల్స్ దుకాణం. చైనా వంట పెద్ద కోడలికి కొట్టిన పిండి. సోయా సాస్, నల్ల వెనిగర్, అల్లం, అనాసపువ్వు వేసి కోడిమాంసాన్ని సన్న సెగ మీద ఉడికించి, పీచులుగా విడదీసి, పెద్ద మూకుట్లో అంచులు కరకరలాడేదాకా వేయించేది. చిన్న కోడలు పెళ్ళికి ముందు ఒక మెక్సికన్ హోటల్లో రొట్టెలు ఒత్తేది. సున్నపు నీళ్ళలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి, ఆ ముద్దను రెండు ఇనప పలకల మధ్య నొక్కి పెనం మీద వేస్తే రొట్టె బుస్సున పొంగేది.

ఆమె కాపురానికొచ్చిన కొత్తలో ఒక వానరోజు నూడుల్స్ అయిపోయాయి, కూర మిగిలింది. చిన్నది తన కోసం కాల్చుకున్న రొట్టెలో ఆ కూర పెట్టి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించిన నువ్వులు చల్లి, నిమ్మకాయ పిండి, "తిని చూడక్కా" అని నోటికందించింది. ఎంగిలి అనుకోకుండా ఇద్దరూ ఒకే దాన్ని చెరోవైపు కొరుక్కుతిన్నారు. సాస్ మోచేతుల దాకా కారింది. ఒకరిని చూసి ఒకరు పడీపడీ నవ్వారు. తర్వాత్తర్వాత ఆ టాకో కోసమే దుకాణం ముందు జనం వరసకట్టారు.

కానీ కూర ఎలా చేయాలో పెద్ద కోడలు చిన్నదానికి ఎన్నడూ చెప్పలేదు. మొదట్లో అది గర్వం. పోనుపోను భయమైంది. దీనికి కూర కూడా వచ్చేస్తే ఇక నాతో పనేముంటుంది, ఏదో ఒకరోజు తన దారి తను చూసుకుంటుంది అని లోలోపల ఒకటే పీకులాట. అందుకే ఎండబెట్టిన నారింజ తొక్క వేసే సమయానికి "పిల్లా, వెనక్కి వెళ్ళి కొత్తిమీర పట్రా" అని పంపేసేది. ఆ తొక్కే ఆ కూరకు ప్రాణం. చిన్నది కిక్కురుమనకుండా వెళ్ళేది.

వాళ్ళు బయలుదేరే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికి వ్యాను వస్తుంది. "ఆ అమ్మాయికి కూర నేర్పకు. రేపు మన రుచి మనకే పోటీ అవుతుంది" అని పొద్దున్నే భర్త మరీ మరీ చెప్పి బజారుకు వెళ్ళాడు.

ఆయన మాట ఆమె చెవికెక్కించుకోలేదు. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ఉత్త రొట్టెలతో ఈ పిల్ల ఎలా నెగ్గుకొస్తుంది? నేర్పుతాను అనుకుంది. కానీ నారింజ తొక్క సంగతి మాత్రం చెప్పను అనుకుంది. రుచి కుదరదు. అప్పుడు ఫోన్ చేస్తుంది. 'అక్కా, ఏదో తక్కువైంది, ఒక్కసారి వచ్చి చూడవూ' అంటుంది. ఇలా ఆలోచిస్తున్నందుకు ఆమెకే సిగ్గేసింది. సిగ్గేసినా ఆలోచన మార్చుకోలేదు.

"ఇలా రావే. కూర చేస్తున్నా, చూసి నేర్చుకో."

చిన్నది వచ్చి పక్కన నిలబడింది. పెద్ద కోడలు మూకుట్లో నూనె పోసి, పంచదార వేసి, అది ఎర్రబడేదాకా కలిపింది. అల్లం వేసింది. అనాసపువ్వు వేసింది. చిన్నది కొత్తగా చూస్తున్నట్టు తల ఊపుతోంది, "మంట ఇంతే ఉంచాలా అక్కా?" అని అడుగుతోంది.

"ఇంతే. ఇప్పుడు సోయా సాస్ పోసెయ్" అంది పెద్ద కోడలు, సీసా అందిస్తూ.

చిన్నదాని కుడిచెయ్యి సీసా అందుకోలేదు. పనిలో పడి ఆ చెయ్యి తనంతట తనే బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళి, అక్కడ దాచిన చిన్న సీసా తీసి, నారింజ తొక్క రెండు ముక్కలు విరిచి మూకుట్లో పడేసింది. పడేశాక గాని తనేం చేసిందో ఆమెకు తెలియలేదు. తొక్క చిటపటలాడి ఘుమఘుమలాడింది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసే?" అంది పెద్ద కోడలు.

"కొత్తిమీరకు పంపినప్పుడల్లా కిటికీలోంచి కనపడేదిగా. నీకు జ్వరమొచ్చి పడుకున్నావు చూడు, అప్పుడు కూర చేసింది నేనే."

"మీ బావగారు తనే చేశానన్నారే!"

"బావగారికి మూకుడు ఎటు పట్టుకోవాలో తెలుసా అక్కా?"

నవ్వొచ్చే మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"వచ్చంటే వేరే పొయ్యి పెట్టుకోమంటావేమోనని. రాదంటే నీ పక్కనే ఉండనిస్తావు కదా."

పెద్ద కోడలికి తల కొట్టేసినట్టయింది. మాడువాసన వస్తుంటే స్టవ్ ఆపి, చిన్నదాన్ని దగ్గరకు లాక్కుని భోరుమంది. ఇన్నాళ్ళూ ఈ పిల్లను కట్టిపడేశాననుకుంది. ఆ పిల్లేమో తనంతట తనే ఉండిపోయింది. ఇప్పుడు పోతున్నది కూడా తన ఇష్టంతో కాదు.

"నాకు రొట్టె నేర్పిపోవే" అంది చివరికి, కళ్ళు తుడుచుకుని.

"నేర్పనక్కా."

"అదేంటే?"

"నీకొచ్చేస్తే నన్నెవరు పిలుస్తారు? రొట్టె లేకపోతే జనం గొడవ చేస్తారు. బావగారే దిగొచ్చి రమ్మంటారు. ఒక్క మాటంటే చాలు, ఈయన్నెలాగో ఒప్పించి పరిగెత్తుకొచ్చేస్తాను."

బయట వ్యాను హారన్ మోగింది. మరిది పెళ్ళాన్ని పేరుపెట్టి గట్టిగా పిలిచాడు. చిన్నది పెనాన్ని, ఇనప పలకల్ని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపబోయింది గాని, చేతుల్లో బరువుండి ఊపలేకపోయింది.

మర్నాడు భర్త బజారు నుంచి రొట్టెల ప్యాకెట్లు తెచ్చాడు. పల్చగా, అన్నీ ఒకే కొలతలో, అట్టముక్కల్లా ఉన్నాయి. పెద్ద కోడలు వాటిని చూసి లోలోపల సంతోషించింది. ఇవి ఎవరు తింటారు? సాయంత్రానికి దుకాణం ముందు రభస ఖాయం అనుకుంది.

మొదట బస్సు డ్రైవరు వచ్చాడు. రోజూ వచ్చేవాడే, ఉప్పు తక్కువైందనో నిమ్మకాయ సరిగ్గా పిండలేదనో ఏదో ఒక వంక పెట్టకుండా వెళ్ళేవాడు కాదు. ఆయన తింటున్నంతసేపూ ఆమె చేతిలో పని వదిలేసి ఆయన నోటివంకే చూసింది.

"ఎలా ఉంది?" ఉండబట్టలేక అడిగేసింది.

"ఎప్పట్లాగే ఉందమ్మా. ఇంకోటి పెట్టండి."

తర్వాత వచ్చినవాళ్ళు తిన్నారు. కాలేజీ ఆడపిల్లలు నవ్వుకుంటూ తిన్నారు. ఒక ముసలాయన ఇంటికి కట్టించుకుని వెళ్ళాడు. రొట్టె గురించి ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు. "చూశావా, రొట్టెలకోసం ఊరికే కంగారుపడ్డావు" అన్నాడు భర్త ఈలవేసుకుంటూ. ఆ ఈల వింటుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

దుకాణంలో సందడి తగ్గాక ఫోన్ మోగింది. చిన్నదే.

"ఏమైందక్కా? జనం గొడవ చేశారా?"

"చేశారే" అంది పెద్ద కోడలు. "రొట్టె రొట్టెలా లేదని నానా రభస చేశారు. బస్సు డ్రైవరైతే సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు."

"నే చెప్పలా! అయితే బావగారు నన్ను రమ్మన్నారా?"

పెద్ద కోడలు ఫోన్‌ను గుండెకు అదుముకుని ఖాళీ ప్యాకెట్ల పక్కన నేలమీద కూలబడిపోయింది. అటు నుంచి "అక్కా... అక్కా, వినపడుతోందా?" అని చిన్నది పిలుస్తూనే ఉంది.