తల్లిపుల్ల

మూడో బెజ్జం దాటి నాలుగో బెజ్జంలోకి దూరేటప్పుడు వెదురు ఒకసారి కీచుమంటుంది. ఆ కీచు వినపడకపోతే కినుయో ఆ పుల్లను తీసి పక్కన పడేస్తుంది. ఎందుకని అడిగితే చెప్పదు. అడిగేవాళ్ళూ ఇప్పుడెవరూ లేరు.

అరచేతి వెడల్పున్న ఉక్కుపలక ఎదురుగా దుంగకు బిగించి ఉంది. దాని నిండా వరసగా బెజ్జాలు, ఒకదాని తర్వాత ఒకటి కాస్త కాస్త సన్నమవుతూ. కినుయో ఎడమకాలు దుంగకు తన్నిపెట్టి, చీల్చిన వెదురుముక్క కొసను పటకారుతో పట్టుకుని, నడుము వెనక్కి వాల్చి ఒక్క లాగు లాగుతుంది. మధ్యలో ఆగితే పుల్ల మీద గంటు పడుతుంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మొదలైన లాగుడు ఇది. దాని పుణ్యమా అని ఆమె కుడిభుజం ఎడమదాని కంటే ఒక అంగుళం కిందికి ఉంటుంది. అందుకే ఫొటోల్లో ఎప్పుడూ ఎవరో చెప్పే రహస్యం వినడానికి ఒరిగినట్టు కనిపిస్తుంది.

బయట ముసురుకాలపు వాన. వరండాలో ఉప్పులో ఊరుతున్న ఊమె అనే పుల్లటి కాయల జాడీ మీద మూడు రాళ్ళు. ఎదురింట్లోంచి, పూసలు తరిగే ముసలాయన తొకుజో తరిమెన చప్పుడు. రోజూ తెల్లారేసరికి ఆ చప్పుడు మొదలవ్వాలి, ఆ తర్వాతే కినుయో పొయ్యి వెలిగించాలి. ఎవరూ పెట్టిన నియమం కాదు. ముసలాయన కంటే ముందు లేవడమంటే ఆయనతో పోటీపడి లేచినట్టు ఉంటుందని ఆమె లెక్క. అంతే.

ఓనో ఊళ్ళో ఆ వీధిలో ఏ ఒక్క ఇంటివాళ్ళూ లెక్కలు చేసే అబాకస్‌ను మొత్తం చెయ్యరు. ఒకరు పూసలు తరుగుతారు, ఒకరు పుల్లలు లాగుతారు, ఒకరు చట్రం కోస్తారు, ఇంకొకరు అన్నీ కూర్చి బిగిస్తారు. చట్రం వెనక ముద్ర మాత్రం బిగించినవాడిదే. నలుగురు తరిగి, రుబ్బి, వండితే వడ్డించినవాడికి పేరొచ్చినట్టు. పోనీ పూసనైనా వేలు తాకుతుంది, చట్రాన్ని కన్ను చూస్తుంది. పుల్లను ఎవరూ చూడరు. ఈ విషయంలో కినుయోకి విచారం ఏమీ లేదు, పైగా గర్వం. పుల్ల గుర్తుకొచ్చిందంటే ఎక్కడో పూస ఆగినట్టే కదా అంటుంది. పూస వేలు తగలగానే కదలాలి, చట్రాన్ని ఒంచితే జారకూడదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి జాగా తనదని ఆమె నమ్మకం.

ఈ ఇంటి పని అత్తగారి చేతుల్లోంచి తన చేతికి వచ్చిన రోజున ఆమె చేసిన మొదటి పని, పలక చివరన ఉన్న సన్నబెజ్జాన్ని మైనం పెట్టి మూసెయ్యడం. చవకరకం చట్రాలకోసం అత్తగారు వాడిన బెజ్జం అది. "ఈ ఇంట్లో ఇకనించీ ఒకటే కొలత. పూస మారాలి గానీ నా పుల్ల మారదు" అని ప్రకటించింది. విన్నది మొగుడొక్కడే. కానీ వారం తిరక్కుండా వీధంతటికీ తెలిసింది, ఎందుకంటే ఆమే చెప్పింది.

మొగుడు శొకిచి పోయి చాలా కాలమైంది. దేవుడి అరలో ఆయన ఫొటో ముందు బ్యాంకువాళ్ళు ఊరికే ఇచ్చిన క్యాలిక్యులేటర్ పెట్టింది. ఆయనకి కొత్త వస్తువులంటే సరదా. అట్టపెట్టె కూడా విప్పలేదు. సామాన్లకు వెళ్ళినప్పుడు కినుయో కుడిచేతి రెండు వేళ్ళు తొడమీద టకటక ఆడతాయి, కొట్టువాడి మిషను మోగేలోపు జవాబు వచ్చేస్తుంది. ఆ వీధిలో ఆడవాళ్ళందరి వేళ్ళూ అంతే. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఎక్కడ కూర్చున్నా ఒళ్ళో లేని పూసల్ని కదిలిస్తూ ఉంటారు.

వాన కాస్త తగ్గాక గుమ్మంలో గొడుగు ముడిచిన చప్పుడైంది. చట్రాలు బిగించే నొబుహిరో. చేతిలో గుడ్డమూట.

"పిన్నీ, ఒకసారి ఇది చూడవా?"

"ఏంట్రా? మీ ఆవిడ ఏమైనా వండిందా?"

"తొకుజో బాబాయ్ పూసలు."

"అయితే మీ ఆవిడ వంటకంటే మెత్తగానే ఉంటాయి. పెట్టు."

నొబుహిరో నవ్వలేదు. యాభై దాటినవాడు, తండ్రి పోయాక ముద్ర తన చేతికొచ్చినప్పటినించీ నవ్వు తగ్గింది. మూట విప్పాడు. నల్లచాయ తేలిన గట్టిచెక్క పూసలు, అంచులు కత్తిలా, నడుములు నున్నగా. కినుయో ఒక పూస తీసి, ఆ ఉదయమే లాగిన పుల్లకు ఎక్కించబోయింది. ఎక్కలేదు. ఇంకోటి తీసింది. అదీ కొసన బిగుసుకు కూర్చుంది.

"వాన. కట్టె ఉబ్బింది" అంది.

"నేనూ అలాగే అనుకున్నా. రాత్రంతా పొయ్యి పక్కన ఆరబెట్టా." వాడు గొంతు తగ్గించాడు. "కిందటేడు ఒకసారి వెనక్కి పంపించాను పిన్నీ. అప్పుడే అనుకున్నాం గదా, రెండోసారి గనక వస్తే ఇక ఆయనకి పని ఇవ్వడం కుదరదని. ఏటవతల మిషను షెడ్డువాళ్ళ దగ్గర పూసలు కావలసినన్ని ఉన్నాయి. నా నోటితో ఎలా చెప్పను? చిన్నప్పుడు ఆ వరండాలోనే ఆడుకున్నా."

"చెప్పడానికేం, నోరుంది గదా."

"నవ్వులాట కాదు. ఈ చట్రం కోబెలో అబాకస్ బడి నడిపే పంతులమ్మకి, శిష్యులంతా కలిసి చేయిస్తున్నారు. రేపు పొద్దున్నే కారు వస్తుంది. ఇవాళ సాయంత్రమే ఒంచి చూడాలి."

బిగింపు పూర్తయిన రోజున నాలుగు ఇళ్ళవాళ్ళూ వచ్చి, తలా ఒకసారి ఆ అబాకస్‌ను ఒంచి చూడడం ఆ వీధి ఆనవాయితీ. నలుగురూ సరే అంటేనే ముద్ర పడుతుంది. తొకుజో కూడా వస్తాడు. వచ్చి, మేకుల్లా బిగుసుకున్న తన పూసల్ని అందరి ముందూ తానే చూసుకుంటాడు.

"మూట ఇక్కడ పెట్టి వెళ్ళు" అంది కినుయో. "మధ్యాహ్నం పుల్లలు తెచ్చిస్తా."

"పుల్లలు ఇచ్చేశావుగా?"

"ఇచ్చినవి నచ్చలేదు. నావి నాకు నచ్చకపోవడానికి కూడా నీ ముద్ర కావాలా?"

వాడు వెళ్ళాక ఆమె పూసల్ని ఒక్కొక్కటే పుల్లకు ఆనించి చూసింది. వెనక్కి పంపితే తప్పు తొకుజోది. పంపాల్సింది కూడా. ఆ మనిషి మీద ఆమెకు ప్రేమ ఉండవలసిన అవసరమేమీ లేదు.

పూర్వం కొత్త సంవత్సరం పని మొదలుపెట్టేటప్పుడు పుల్లల ఇంటివాళ్ళు పూసల ఇంటికి ఒక పుల్లను తెల్లకాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు. తల్లిపుల్ల అంటారు. ఆ ఏడాదంతా పూసల బెజ్జాలు దానితోనే సరిచూసుకోవాలి. కినుయో కూడా ఏటేటా ఇచ్చింది. ఒక ఏడు డిసెంబరు విందులో తొకుజోకు సారా రెండు గిన్నెలు ఎక్కువైంది. "పుల్లలదేముందర్రా! చీపురు ఊడితే వచ్చేవీ పుల్లలే!" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో శొకిచి కూడా ఉన్నాడు. ఆ సంగతి ఆమె ఆయన ఫొటోకు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంది. ఆ జనవరి నించీ తల్లిపుల్ల వెళ్ళలేదు. వచ్చి అడుగుతాడని ఆమె చూసింది. ఆయన రాలేదు. కావాలంటే నొబుహిరో ఇంట్లో నా కట్టలోంచి ఒకటి లాక్కుంటాడులే అనుకుంది. తర్వాత అనుకోవడం కూడా మానేసింది.

ఎదురింట్లో తరిమెన ఆగింది. దగ్గు. మళ్ళీ తరిమెన.

కినుయో లేచి హెయిర్‌పిన్ను తీసింది. పలక చివర గట్టిపడి పసుపెక్కిన మైనాన్ని దానితో గీకడం మొదలుపెట్టింది. వంటింటి గోడమీద అత్తగారి ఫొటో నోరు మూసుకునే ఉంది గానీ, ఆవిడ ముఖంలో 'చూశావా మరి' అన్న కళ ఉంటుందని కినుయోకి తెలుసు. అటు చూడలేదు.

పొగచూరిన వెదురు ఇంకొక్క కట్టే ఉంది. పాత పూరిళ్ళ కప్పుల కింద, వందేళ్ళ వంటపొగ తాగి ఎరుపెక్కిన వెదురు. దొరకడం మానేసి చాలాకాలం. మంచి పనికోసం దాచుకుంది. తన లెక్కలో ఇది మంచి పని కాదు. తప్పు పూసకు తగ్గట్టు తప్పు పుల్ల లాగడం. అయినా కట్ట విప్పింది. తప్పు పుల్లలైనా తన చేతిలోంచి వెళ్ళేవి నాసిరకంగా వెళ్ళకూడదు గదా.

మూడో బెజ్జం, నాలుగో బెజ్జం, తన బెజ్జం. ఆ తర్వాత, తను ఎన్నడూ వెళ్ళని ఆ కొస బెజ్జంలోకి. మొదటి పుల్ల విరిగింది. రెండోది లాగేటప్పుడు భుజంలో ఏదో కలుక్కుమంది. ఆగలేదు. ఆగితే గంటు పడుతుంది. పుల్ల బయటికొచ్చింది, తేనెరంగులో, కంటికి తేడా తెలియనంత సన్నమై. పూస ఎక్కించింది. వేలు తాకించగానే సర్రున వెళ్ళింది. ఒంచి చూసింది. కదల్లేదు.

"బాగానే ఉంది, దిక్కుమాలింది" అంది పైకే.

మధ్యాహ్నం మిసో చారులో చల్లన్నం వేసుకుని ముల్లంగి ఊరగాయతో తింది. మిగిలిన పుల్లలన్నీ లాగింది. పొద్దున్న చేసినవాటిలో ఒక్కటీ వీటిలో కలవకుండా రెండు చేతులతో ఏరి, వేరే దారంతో కట్టింది. ఈ కొలత ఒక్క చట్రానికే, మళ్ళీ ఉండదని నొబుహిరో చేత ఒట్టు వేయించుకుని మరీ ఇచ్చింది. వాడికి అర్థమైంది. వంగి దణ్ణం పెట్టబోతే "నడుం నొప్పి తెచ్చుకోకు, బిగించాల్సిన పనుంది" అని తోలేసింది.

సాయంత్రానికి వాన వెలిసింది. నొబుహిరో పనిగదిలో చాపమీద కొత్త అబాకస్. నల్లచట్రం, నల్లపూసలు. పుల్లలు, సహజంగానే, ఎవరికీ కనపడడం లేదు. చట్రాలు కోసే ఇంటివాళ్ళు ఒంచి చూసి సరే అన్నారు. కినుయో చూసి, ముక్కుతో ఒక శబ్దం చేసింది. అది ఆమె సరే.

తొకుజో చివర్న వచ్చాడు. కోడలు చిహారు మోచెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే విదిలించుకుంటూ. చిక్కిపోయాడు. కిమోనో లోపల మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

"ఏం పుల్లలమ్మా, బతికే ఉన్నావా?"

"పూసలాయన పోయేదాకా ఉందామని."

"అయితే ఎక్కువ ఆలస్యం చెయ్యన్లే."

"మామయ్యా, అవేం మాటలు!" అంది చిహారు.

ఆయన కూర్చున్నాడు. అబాకస్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతులు వణుకుతున్నాయి, టీగిన్నె పట్టుకున్నా చిందేటంత. అబాకస్ పట్టుకోగానే ఆగాయి. ఒంచాడు. ఒక్క పూసా జారలేదు. చూపుడువేలితో ఈ చివరనించి ఆ చివరకి ఒక్క గీత గీశాడు. దూరంగా ఎక్కడో రేకుమీద చినుకులు పడి ఆగినట్టు వినపడింది. ముసలాయన చట్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ ఒకసారి కదిలించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇన్నేళ్ళకి," అన్నాడు కళ్ళు తెరిచి కినుయో వైపు చూస్తూ, "నీకు పుల్లలు లాగడం వచ్చిందే!"

అందరూ నవ్వారు. కినుయో తన జీవితంలో ఒకే ఒక్కసారి లాగిన తప్పుకొలత పుల్లలకి ఆ మెప్పు వచ్చింది. సమాధానం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నీ పూసల్లో ఎలాంటి పుల్లైనా బాగానే ఉంటుందిలే" అంది.

తొకుజో ఆమె వైపే ఇంకాస్త చూశాడు. ఏదో అడగబోయి, టీ అందుకున్నాడు. నొబుహిరో ముద్ర వేశాడు.

ఇంటికి నడుస్తూ కినుయో భుజం నొక్కుకుంది. కడుపులో ఏదో వెచ్చగా, దర్జాగా ఉంది. కొత్త సంవత్సరానికి ఆ ముసలాడికి ఒక తల్లిపుల్ల పంపించాలి అనుకుంది, అడక్కపోయినా సరే. ఆ రాత్రి శొకిచి ఫొటోను ఏమీ దెప్పలేదు.

మర్నాడు ఆమె లేచి, పొయ్యి దగ్గర కూర్చుని తరిమెన చప్పుడుకోసం చూసింది. వెలిగించలేదు. తెల్లారింది. పిచ్చుకలు అరిచాయి. కోబె కారు వచ్చి వెళ్ళింది. ఎదురింట్లో తరిమెన మొదలుకాలేదు. ఇంకాసేపటికి చిహారు చెప్పుల్లేకుండానే గుమ్మందాకా వచ్చి నిలబడింది. కినుయో అలాగే లేచి, చేతిలో అగ్గిపెట్టెతోనే వెంట నడిచింది. తొకుజో పక్కమీద పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి చేరి, వాటి మధ్య ఒక పూస పట్టేంత ఖాళీ.

దహనమైన తర్వాత ఒక మధ్యాహ్నం చిహారు మళ్ళీ వచ్చింది.

"పిన్నిగారూ, తరిమెన సొరుగులో దొరికింది. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. మీ ఇంటి కాగితం లాగుందని..."

మడతల దగ్గర చిరిగి, పసుపెక్కిన తెల్లకాగితం. అందులో తల్లిపుల్ల. విందు జరిగిన ఏడాది జనవరిలో తాను చుట్టిచ్చిందే. ఒకవైపు సగం, ఆయన వేళ్ళతో పట్టుకునే వైపు, కినుయో ఎలా లాగిందో అలాగే ఉంది. రెండోసగం, మళ్ళీ కొత్తది రాక, ఏళ్ళ తరబడి పూస తర్వాత పూస ఎక్కి దిగి అరిగిపోయి, అద్దంలా మెరుస్తూ, సన్నబడింది.

కినుయో లేచి, ఆ రోజు మూటలో మిగిలిపోయిన నల్లపూసల్లోంచి ఒకటి తెచ్చింది. అరిగిన కొసనించి ఎక్కించింది. సర్రున వెళ్ళింది, ఎక్కడా బిగువూ లేదు, వదులూ లేదు.

"ముసలాడి చెయ్యి తప్పలేదే చిహారూ!" అంది గట్టిగా, వీధికి వినపడేటట్టు. "వెంట్రుకవాసి కూడా తప్పలేదు! నేనిచ్చిన పుల్లకి సరిగ్గా తొలిచాడు!"

చిహారుకు ఏం అర్థమైందో తెలియదు గానీ, ఏడ్చింది. ఇద్దరూ టీ తాగారు.

ఆ పుల్ల ఇప్పుడు దేవుడి అరలో, పెట్టె విప్పని క్యాలిక్యులేటర్ మీద అడ్డంగా ఉంది. దాని మీద ఒకే ఒక్క నల్లపూస, అరుగుదల అయిపోయి కినుయో కొలత మొదలయ్యేచోట ఆగి ఉంది.