ఏడో రొట్టె

గురువారం అపొలోనియా ఇంట్లో రొట్టెలు కాల్చే రోజు. పొద్దున్నే పాలు పితికి, ఇటుకల పొయ్యిలో కట్టెలు పేర్చి, రాత్రి పులియబెట్టిన రై గింజల పిండి తొట్టి మీంచి గుడ్డ తీసేది. ఆమె వేళ్ళు వాతంతో వంకర్లు తిరిగిపోయాక పిండి పిసకడం మిర్లా వంతయింది. పశువుల కొట్టంలో గడ్డి మోపుల వెనకాల ఒక పలకల గోడ, ఆ గోడకీ అసలు గోడకీ మధ్య మనిషి పడుకుంటే కాళ్ళు చాపలేనంత చోటు. అందులో నలుగురు యూదులు, మిర్లా, ఆమె భర్త ఫిషెల్, తోళ్ళ వ్యాపారి జెల్మన్, అతని భార్య రుఖ్లా, జర్మన్లకి దొరక్కుండా ఏడాదిన్నరగా దాక్కుని ఉంటున్నారు. మిగతా ముగ్గురూ ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయిందో. మిర్లా మాత్రం వారానికోసారి, ఈ పిండి పుణ్యమా అని, కొట్టంలోంచి లోపలి తలుపు గుండా వంటింట్లోకి వచ్చేది.

పిసకడం అయ్యాక గోళీకాయంత ముద్ద తుంచి, తమ ఆచారం ప్రకారం పెదాల మీదే ప్రార్థన చెప్పుకుంటూ నిప్పులో వేసేది మిర్లా. అదే పిండి మీద అపొలోనియా వేలితో శిలువ గీసేది. ఒకరు చేసేది ఒకరు చూడనట్టే ఉండేవారు.

ఆ పొయ్యి సంగతి ఊరందరికీ తెలుసు. లోపల ఎన్ని ముద్దలు పెట్టినా సరే, ఆ వారం ఆ కప్పు కింద ఎంతమంది పడుకుంటారో అన్ని రొట్టెలే బయటికొస్తాయి. పిల్లలుంటే వాళ్ళ వయసుకి తగ్గ రొట్టె వస్తుంది. అపొలోనియా అత్తగారి హయాం నుంచీ అంతే. చిన్నకొడుకు చెప్పాపెట్టకుండా పట్నం వెళ్ళిపోయిన వారం ముందుగానే ఒక రొట్టె తగ్గితే, ఆ ముసలావిడ ఎవరినీ ఏమీ అడక్కుండా, పోయేదెవరో తెలీక, కొడుకులిద్దరి చొక్కాలూ ఉతికి పెట్టిందట. జనాభా లెక్కలు రాసుకునే గ్రామపెద్ద కూడా ఈ ఇంట్లో మనుషుల్ని పేరుపేరునా పిలిచేవాడు కాదు. "రొట్టెలెన్నమ్మా?" అని అడిగి, అంకె వేసుకుని పోయేవాడు.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా అదే. అపొలోనియా, ఆమె భర్త విన్సెంటి ఇద్దరే మనుషులని ఊరి లెక్క. పొయ్యి మాత్రం ఆరు రొట్టెలిస్తోంది. అబద్ధం చెప్పమంటే పొయ్యి వింటుందా? అందుకని గురువారం పూట వీధి తలుపుకి గడియ, కిటికీకి దుప్పటి.

"మనల్ని ఎవరూ పట్టివ్వక్కర్లేదు. ఆ పిండే పట్టిస్తుంది," అనేవాడు జెల్మన్. "అన్నిటికంటే నిజాయితీ గలది మన ఖర్మకొద్దీ ఇక్కడే ఉండాలా?"

మిర్లా భయం పిండి గురించి కాదు, పక్కింటి బ్రోనియా గురించి. కొట్టం పలకలో చెక్క కణుపు ఊడిపోయిన కంత ఒకటుంది. దాంట్లోంచి చూస్తే బ్రోనియా పెరడంతా కనిపిస్తుంది. బ్రోనియా నలభై దాటిన విధవ, ఒంటరిది, బక్కమనిషి. రోజుకి పదిసార్లు పెరట్లోకొచ్చి కొట్టం వైపు చూసేది. తెల్లవారకముందే బకెట్టు ఒలకబోసి, అటూ ఇటూ చూసి గబగబా లోపలికి పోయేది. పోయిన చలికాలం నుంచీ తన బట్టలు పెరట్లో ఆరేయడం మానేసింది. వాకిట్లో పలకరించడానికి ఎవరైనా ఆగితే తలుపు తన వెనక మూసేసి, గుమ్మం బయటే నిలబడి మాట్లాడి పంపించేది.

"ఏదో రాసుకుంటోంది ఆవిడ," అనేది మిర్లా. "ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు, అంతా రాసుకుంటోంది."

"నీకు అందరూ అలాగే కనిపిస్తారు," అనేవాడు ఫిషెల్.

"ఆ పాలావిడ నీకెలా కనిపించింది మరి?"

ఇంతకుముందు దాక్కున్న చోట, రోజూ నవ్వుతూ పాలు తెచ్చిచ్చిన మనిషే ఒక ఆదివారం పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చింది. మిర్లా చెల్లెలు ద్వోయిరా అక్కడే పోయింది. అప్పటి నుంచీ మిర్లాకి నవ్వే మనిషిని చూస్తే భయం, నవ్వని మనిషిని చూస్తే మరీ భయం. బ్రోనియా నవ్వదు.

"అది ఎప్పుడైనా ఈ ఇంట్లో అడుగు పెట్టిందో, దాన్ని బయటికి పోనివ్వకూడదు," అంది ఒకరోజు.

"మిర్లా! మనం అలాంటివాళ్ళమా?"

"బతికుంటే కదా ఎలాంటివాళ్ళమో తెలిసేది."

కొట్టం వెనక పేడకుప్ప ఎంత లోతుందని ఆ మధ్యాహ్నం విన్సెంటిని అడిగాడు జెల్మన్.

మంచు కరిగి దారులన్నీ బురదయిన మార్చి నెల. తూర్పు నుంచి వెనక్కి వస్తున్న జర్మన్ సైన్యం ఊళ్ళ మీద పడుతోందని విన్సెంటి కబురు తెచ్చాడు. ఆ గురువారం పిండి ఎప్పటిలాగే పొంగింది. అపొలోనియా చెక్కపారతో రొట్టెలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. ఆరు తీశాక ఆగి, పొయ్యిలోకి తొంగి చూసింది. మళ్ళీ పార లోపలికి పెట్టింది.

ఏడోది వచ్చింది. రెండు అరచేతుల్లో ఇమిడేంత చిన్నది.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవర్ని రమ్మన్నారే?" అంది అపొలోనియా గొంతు తగ్గించి. "నాతో ఒక్క మాటైనా అనకుండా?"

"మేమా? ఆ కన్నంలోంచి ఎవర్ని పిలుస్తామక్కా? మీ ఆయనే ఎవరికైనా మాటిచ్చాడేమో అడుగు."

"ఆయన నాకు చెప్పకుండా మేకు కూడా కొట్టడు."

"మరి ఇది ఎవరిది?"

"నన్నడిగితే?"

వాళ్ళ మధ్య అంత పదునైన మాటలు ఎన్నడూ లేవు. అపొలోనియా అబద్ధం చెబుతోందనుకుంది మిర్లా. తమని ఖాళీ చేయించి ఇంకెవరినో, ఎవరో గొప్పింటి బిడ్డని పెట్టుకోబోతోందేమో. అలాగైతే లెక్క తగ్గాలి కదా, తగ్గలేదే. అపొలోనియా కళ్ళలోనూ అలాంటి లెక్కే ఏదో నడుస్తోంది.

అప్పుడే కొట్టం వైపు తలుపు కిర్రుమంది. విన్సెంటి నడక కాదు. మిర్లా చేతికందిన ఇనపచువ్వ లాక్కుని పొయ్యికీ గోడకీ మధ్య సందులో దూరింది.

వచ్చింది బ్రోనియా. వీధి తలుపు గడియ చూసి, కొట్టంలోంచి, ఆ ముగ్గురూ ఊపిరి బిగబట్టుకున్న గోడ పక్కనుంచే నడిచి వచ్చేసింది.

"తలుపులు బిగించుకుని రొట్టెలు కాల్చే రోజులొచ్చాయా వదినా?"

"చలిగాలి తగిలితే పిండి కూలిపోతుందని."

"ఇన్నేళ్ళూ తగల్లేదా గాలి?"

సందులోంచి మిర్లాకి బ్రోనియా వీపు, తలగుడ్డ కింద సన్నటి మెడ కనిపిస్తున్నాయి. రెండు అడుగులు. ఎన్ని వారాలుగానో మనసులో కొలుచుకున్న అడుగులే అవి.

బ్రోనియా బల్ల దగ్గరికి నడిచింది. దాచే వ్యవధి లేకపోయింది అపొలోనియాకి. వేలు చూపిస్తూ పైకే లెక్కపెట్టింది బ్రోనియా. "ఒకటి, రెండు, మూడు..." ఏడు దగ్గర ఆగింది.

"చుట్టాలొస్తున్నారు," అంది అపొలోనియా. "మా ఆడపడుచు వాళ్ళు."

"మీ ఆడపడుచు పోయి రెండేళ్ళయింది. శవం పక్కన కూర్చుని ప్రార్థన పాటలు పాడింది నేనే కదా వదినా."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటలాడింది. మిర్లా చువ్వని రెండు చేతుల్తో పట్టుకుని ఒక అడుగు జరిగింది.

బ్రోనియా చిన్న రొట్టెని చేతిలోకి తీసుకుంది. "ఇది ఎవరిది?"

"తెలీదు."

"నీ ఇంటి పొయ్యి, నీకు తెలీదా?"

"తెలీదే బాబూ! మేరీమాత మీద ఒట్టు. ఆ ఆరూ ఎవరివో నాకు తెలుసు. ఇదొక్కటే తెలీదు!"

నోరు జారాక గానీ ఏమందో అపొలోనియాకి అర్థం కాలేదు. చేత్తో నోరు మూసుకుంది. ఇంక అయిపోయింది, కొట్టాలి అనుకుంది మిర్లా. చువ్వ ఎత్తింది.

బ్రోనియా బల్ల పక్కనున్న పీట మీద కూలబడింది. రొట్టెని జేన పెట్టి కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు కొలిచింది.

"ఆరు నిండినట్టుంది," అంది. "అంతే ఉంటుంది. దానికి ఏడో ఏడు నడుస్తోందనే నా అంచనా వదినా."

"ఎవరికి?"

"మా అటక మీదున్నదానికి."

మిర్లా చేతిలో చువ్వ గాల్లోనే ఉండిపోయింది.

బ్రోనియా తలెత్తకుండా, రొట్టెతోనే మాట్లాడుతున్నట్టు చెప్పుకొచ్చింది. పద్నాలుగు నెలల కిందట, చక్కెర దుంపల బండిలో పట్నం నుంచి వస్తుంటే, గోతాల కింద దొరికిందట ఆ పిల్ల. ఎవరు పెట్టారో తెలీదు. నోరు విప్పదు, పేరు చెప్పదు. బట్టలు బయట ఆరేస్తే చిన్న గౌన్లు కనపడతాయని ఇంట్లోనే ఆరేసుకుంటోంది. నిన్న గ్రామపెద్ద వచ్చి తలుపు మీద సుద్దతో గుర్తు పెట్టి వెళ్ళాడు. శనివారం సాయంత్రానికి నలుగురు జర్మన్ సిపాయిలు దిగుతారు. ఇద్దరికి అటక మీదే పక్కలు వేయాలట.

"రోజుకి పదిసార్లు మా కొట్టం కేసి చూస్తావెందుకే నువ్వు?" అంది అపొలోనియా. ఏడుపూ కోపమూ కలిసిపోయిన గొంతు.

"మీ కొట్టంలోంచి ఎవరో మా ఇంటికేసి చూస్తున్నారనిపించేది. విన్సెంటి అనుకున్నాను. మీరు కనిపెట్టేశారనుకున్నాను."

అప్పుడు మిర్లా సందులోంచి బయటికొచ్చింది. బ్రోనియా ఆమెని చూసింది, చువ్వని చూసింది. కేక వేయలేదు.

"విన్సెంటి కాదన్నమాట," అంది.

"పిల్లని నేను చూడాలి," అంది మిర్లా. "నీ మాట నాకు నమ్మకం లేదు."

"చూద్దువుగాని. నేను మాత్రం నిన్ను నమ్ముతున్నానా? కానీ శనివారం ఆగదు కదా."

గోడ వెనక ఆ మధ్యాహ్నం గుసగుసల్లో పెద్ద గొడవే జరిగింది. నలుగురికే చోటు లేదన్నాడు జెల్మన్. పిల్ల దగ్గితే అందరి పీకలూ తెగుతాయన్నాడు. అది వలేమో, పిల్లని ముందు పంపి వెనకాల పోలీసులొస్తారేమో అంది మిర్లా. ఫిషెల్ ఇద్దరికీ సర్దిచెప్పబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. అన్నీ విని రుఖ్లా, ఆ మనిషి రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, "రొట్టె వచ్చేసింది కదా," అంది.

ఆ పొయ్యి లెక్క ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఇచ్చినదాన్ని కాదని ఎవరితో వాదిస్తారు? కాసేపటికి జెల్మన్ గొణుక్కుంటూ కాళ్ళు ఇంకాస్త ముడుచుకుని గోడ వైపు జరిగాడు. పక్కన జానెడు చోటు తేలింది.

శనివారం పొద్దున పదింటికి, ఊరు ఊరంతా చూస్తుండగా, బ్రోనియా పెద్ద బట్టల బుట్ట మోసుకుంటూ అపొలోనియా ఇంటికొచ్చింది. సిపాయిలకి దుప్పట్లు ఉతకాలి, మా తొట్టి కారిపోతోందని దారిలో ఇద్దరికి చెప్పింది కూడా. దుప్పట్ల కింద పిల్ల గువ్వలా ముడుచుకుని ఉంది.

మిర్లా నమ్మకం కుదరక మూడు రోజులు ఆ పిల్లని ప్రశ్నలు అడిగింది. ఎవరు పంపారు, బ్రోనియా ఇంటికి ఎవరెవరు వస్తారు, నీకు ఏం చెప్పమన్నారు. పిల్ల చూస్తూ ఉండేది. నాలుగో రోజు మిర్లా అడగడం మానేసి, పేలు చూడ్డానికి దాని తల ఒళ్ళోకి లాక్కుంది. జడ విప్పుతుంటే, "మా అమ్మ ఇంత గట్టిగా లాగదు," అంది పిల్ల, యూదులు ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్‌లో. ఇంకాసేపటికి, "నా పేరు పెర్ల్," అంది.

నలుగురు సిపాయిలూ బ్రోనియా ఇంట్లో మే నెల దాకా ఉన్నారు. దిగిన మొదటి సాయంత్రమే అటక నుంచి దుంపల గొయ్యి దాకా ఇల్లంతా తిరగేశారట. వాళ్ళకి దొరికింది నాలుగు సీసాల సారా. పెర్ల్ దగ్గు వచ్చినప్పుడల్లా మిర్లా చంకలో మొహం దాచుకుని దగ్గేది. జులైలో ఫిరంగులు జర్మన్లని తరుముకుంటూ ఊరి మీదుగా పశ్చిమానికి వెళ్ళిపోయాక, ఐదుగురూ కళ్ళకి చేతులడ్డం పెట్టుకుని ఎండలోకొచ్చారు.

పట్నానికి ప్రయాణం కట్టిన రోజు, పెర్ల్ గౌన్లు తీసుకోవడానికి మిర్లా బ్రోనియా ఇంటికి వెళ్ళింది. పిల్ల కోసం ఎవరూ రాలేదు. దాన్ని మిర్లా, ఫిషెల్ తమతో తీసుకెళ్తున్నారు. బ్రోనియా ఒక్కొక్క గౌనూ మడత విప్పి, మళ్ళీ మడతపెట్టి ఇస్తోంది. చూసి చూసి మిర్లా ఇక ఆపుకోలేకపోయింది.

"ఆ రోజు నా చేతిలో చువ్వ ఎందుకుందో నీకు తెలుసా?"

"తెలీకేం."

"నిన్ను చంపేదాన్నే. ఇంకొక్క అడుగు."

బ్రోనియా గౌను మడత సరిచేసింది. "ఆ రోజు నా జేబులో ఒక కాగితం ఉంది," అంది. "పోలీసులకి రాసింది. అపొలోనియా ఇంట్లో యూదుల్ని దాచిందని. నాకు అప్పటికి రూఢిగా తెలీదు, ఊరికే అనుమానం. పిల్లని ఉంచుకోమని బతిమాలుదామని వచ్చాను. కాదంటే కాగితం చూపించి బెదిరిద్దామని. బెదిరినా ఒప్పుకోకపోతే..." ఆగింది. "వాళ్ళు మీ ఇల్లు తవ్వుతుంటే ఆ రోజంతా నా ఇంటి జోలికి రారు. పిల్లని అడవి దాటించొచ్చు. అదీ అనుకున్నాను."

మిర్లా అందుకున్న గౌన్లని మూటగట్టసాగింది.

"అడుగుదామని నోరు తెరిచేలోగా ఆ చిన్న రొట్టె కనిపించింది. ఇంక చెయ్యి జేబులోకి పోలేదు," అంది బ్రోనియా. "ఇప్పుడు దాన్ని తీసుకుపో. నన్ను ఏమైనా అనాలనుంటే అను."

మిర్లాకి అనడానికి చాలా ఉంది. చెల్లెలి మొహం గుర్తొచ్చింది, పాలావిడ నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వు వెనక కూడా ఏ అటకో, ఏ పిల్లో ఉందేమో తనకేం తెలుసన్న ఆలోచన ఒకటి వచ్చింది. గౌన్ల మూట ఛాతీకి అదుముకుంది.

అప్పుడే పెరట్లోంచి పెర్ల్ కేక పెట్టింది. బాతు ఏదో తరిమినట్టుంది, నవ్వుతూ, గొంతు చించుకుని, ఊరి చివరిదాకా వినపడేలా.

"ష్ష్!" అన్నారు ఇద్దరాడవాళ్ళూ ఒక్కసారే, వేళ్ళు పెదాల మీద పెట్టుకుని.

ఆ వేళ్ళు అలాగే ఉండగా ఒకరినొకరు చూసుకున్నారు. బయట పిల్ల మళ్ళీ అరిచింది, ఈసారి ఇంకా గట్టిగా. ముందు బ్రోనియా చెయ్యి దించింది. తర్వాత మిర్లా.