చుక్కాని అప్పగింత

సముద్రం దాటి ఆవలి రేవు చేరిన రోజు మా ఆయన చేసిన మొదటి పని పడవను గట్టుకు కట్టడం. రెండో పని, దాన్ని కొంటానన్న మనిషికి ఫోన్ చేయడం. మాట ఇచ్చారు మరి. ఆ మాట పుచ్చుకున్నది నేనే.

మా ఆయనకు మందుల షాపు. పక్క గదిలో నా కుట్టుమిషను. ఇద్దరం మా మానాన మేం బతుకుతుంటే, ఉన్నట్టుండి ఆయనకు తెరచాప పడవ మీద సముద్రం దాటాలన్న పిచ్చి పట్టింది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. మాట్లాడటం మానేశాను. ఆయన చెవిన వేసుకుంటేగా! చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాను. ఒక్కటంటే ఒక్క సముద్రం. అవతలి ఒడ్డు చేరగానే పడవ అమ్మేయాలి, ఇంటికొచ్చి బుద్ధిగా దగ్గు మందు అమ్ముకోవాలి. ఆయన సరేనన్నారు. ఒంటరిగా పంపితే కళ్ళజోడు వెతుక్కుంటూ మునిగిపోతారని, షాపు మా మరిదికి అప్పగించి నేనూ ఎక్కాను.

ఇద్దరే ఉన్న పడవలో ఇద్దరూ ఒకేసారి నిద్రపోవడానికి వీల్లేదు. ఒకరు చుక్కాని కర్ర పట్టుకుంటే ఇంకొకరు పడుకోవాలి. మాకు పడవ నడపడం నేర్పిన ముసలాయన ఒక నియమం పెట్టాడు. వంతు మారేటప్పుడు దిగే మనిషి గాలి ఎటుందో, తెరచాప ఎలా ఉందో, ఏం పాడైందో అన్నీ చెప్పాలి. ఎక్కే మనిషి అదంతా పొల్లు పోకుండా తిరిగి అప్పజెప్పాలి. ఆపైన "ఇంకేమైనా ఉందా?" అని అడగాలి. లేదన్నాకే కర్ర చేతులు మారాలి. నిద్రమత్తులో ఊఁ కొట్టి పడవలు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారట.

మా పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. ఇంట్లో నేనేం చెప్పినా ఆయన జవాబు ఊఁ కొట్టడమే. గ్యాస్ అయిపోయిందన్నా ఊఁ, జ్వరమొచ్చిందన్నా ఊఁ. అలాంటి మనిషి నడి సముద్రంలో నా ఎదురుగా నిలబడి, నేను చెప్పిందంతా పాఠంలా అప్పజెబుతుంటే మొదట నవ్వొచ్చింది. రానురాను ఆ అప్పజెప్పే వేళ కోసమే ఎదురుచూడటం మొదలుపెట్టాను. చెప్పడానికేమీ లేకపోతే ఏదో ఒకటి కల్పించేదాన్ని. ఓసారి, మబ్బు ఒకటి అచ్చం మా అత్తగారిలా ఉందన్నాను.

"మబ్బు ఒకటి అచ్చం మా అమ్మలా ఉంది," అన్నారాయన, ఆవులిస్తూ. "ఇంకేమైనా ఉందా?"

అందుకే ఒడ్డు కనబడగానే ఆయన గంతులేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకున్నారు. ఆనందం లేకపోలేదు. సూదిలో దారం ఎక్కించుకునే దాన్ని, అంత సముద్రం దాటాను. కానీ ఇంటికి వెళ్ళాలని లేదు. ఆ మాట ఏ మొహం పెట్టుకుని అనను? అంత రాద్ధాంతం చేసి షరతు పెట్టింది నేనేనాయె.

మర్నాడు పొద్దున్న కొనే మనిషి వచ్చాడు. పళ్ళ డాక్టరు. రోగి నోరు తెరిపించి చూసినట్టే పడవలో మూలమూలకీ టార్చి వేసి చూశాడు. బేరం ఇట్టే కుదిరింది. ఇందులో తెలుసుకోవలసినవేమైనా ఉంటే చెప్పమన్నాడు. నేను చుక్కాని దగ్గర నిలబడి, కర్ర పట్టుకుని, అన్నీ చెప్పాను.

డాక్టరు ఫోను చూసుకుంటూ ఊఁ ఊఁ అన్నాడు. తర్వాత కర్ర అందుకోవడానికి చెయ్యి చాపాడు.

నేను వదల్లేదు. మొండితనం అనుకోకండి. ఎదుటి మనిషి తిరిగి చెప్పకుండా కర్ర వదలడం నా చేతులకు రాలేదు. డాక్టరు చెయ్యి గాల్లో, నా చేతులు కర్ర మీద, అలాగే నిలబడ్డాం.

గట్టు మీద తాళ్ళు సర్దుతున్న మా ఆయన అదంతా వింటూనే ఉన్నట్టున్నారు. అలవాటు కొద్దీ పడవలోకి దిగి నా ఎదుటికి వచ్చారు.

"ఎడమ కిటికీ కింద నీళ్ళు ఊరతాయి. పెద్ద తెరచాపకి నువ్వేసిన అతుకుంది, గట్టి గాలొస్తే దించెయ్యాలి. పొయ్యి మీద గిన్నెని కట్టకపోతే ఒళ్ళోకొస్తుంది. ఇంకేమైనా ఉందా?"

"ఉంది," అన్నాను. "నాకు పడవ అమ్మాలని లేదు."

"నీకు పడవ అమ్మాలని..." అంటూ సగంలో ఆగిపోయారు. షరతు పెట్టింది నువ్వేగా, ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడిగారు. చెబితే మీరు గెలిచినట్టు అవుతుందన్నాను. మరి షాపు సంగతేమిటన్నారు. మా మరిది దాన్ని మీకంటే బాగానే నడుపుతున్నాడని గుర్తుచేశాను. ఇవన్నీ పైపై మాటలని నాకూ తెలుసు. కోపమూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇంటికెళ్తే మీరు మళ్ళీ నా మాట వినరండీ."

ఈసారి ఆయన తిరిగి చెప్పలేదు. నా మొహంలోకే చూస్తూ నిలబడిపోయారు. డాక్టరు పాపం ఫోను జేబులో పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక నీళ్ళ వైపు చూశాడు.

తర్వాత మా ఆయన అతని వైపు తిరిగి, ఏమీ అనుకోవద్దని, పడవ అమ్మడం లేదని చెప్పారు. సెలవు పెట్టుకుని మరీ వచ్చానని డాక్టరు గొణిగాడు. కాఫీ ఇచ్చి శాంతపరిచాను. పోతూ పోతూ మా ఆయన పన్ను ఒకటి పుచ్చిందని చెప్పి మరీ పోయాడు.

అతను వెళ్ళాక ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఎటు వెళ్దామో నువ్వే చెప్పు," అన్నారు.

అడగడమే ఆలస్యం, చెప్పేశాను. ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను మరి.