ఫొటో తీసేదాకా

అదీ ఒక తుఫానేనా! తిత్లీ లాంటి పెనుతుఫానుని చూసిన ఉద్దానం జనం దాన్ని లెక్కే చెయ్యలేదు. పొద్దున్న వీచింది, మధ్యాహ్నానికి సోంపేట దాటేసింది. పోతూ పోతూ గున్నయ్య కొబ్బరిచెట్టొకదాన్ని, ఊళ్ళోంచి రోడ్డెక్కే దారికి అడ్డంగా పడేసింది.

గున్నయ్య అన్న కొడుకు ధర్మారావు గొడ్డలి పట్టుకొచ్చాడు. వెనకే అజయ్ ఆటో, అందులో ధర్మారావు పెళ్ళాం బొడ్డమ్మ. కిడ్నీల జబ్బు మనిషి. ఆ రోజు పలాసలో డయాలసిస్. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క ఆటోనే, బయటివేవీ తిరగడం లేదు.

గున్నయ్య చెట్టుమీద కూచున్నాడు. "నష్టపరిహారానికి ఫొటో తీసేదాకా దీనిమీద సెయ్యెయ్యకండి. తిత్లీకి పడినదాన్ని ఆత్రంగా నరికీసినాను. తరవాత సెట్టేదిరా అనడిగితే నోరెళ్ళబెట్టినాను. ఆపీసోళ్ళు రేపొత్తారు, ఒక్క రోజాగలేవేట్రా?"

"సెట్టు ముక్కెమా, మనిసి ముక్కెమా సిన్నాన్నా?" అంటూ ధర్మారావు గొడ్డలెత్తాడు.

"ఒగ్గీ," అంది బొడ్డమ్మ ఆటోలోంచి. "తిత్లీకి మనకెలాగూ డబ్బు రాలేదు, మావకైనా రానీ. నాకు బాగానే ఉంది. రేపెల్దాం."

"మా తల్లే!" అన్నాడు గున్నయ్య. ఆమె మొహం ఉబ్బి ఉంది. చూశాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, పాపిష్టివాడు.

తెల్లారేసరికి బొడ్డమ్మకి ఊపిరాడలేదు. ఆటో మళ్ళీ చెట్టు దగ్గర ఆగిపోయింది. ఈసారి గొడ్డలి పట్టుకుని ముందు పరిగెత్తింది గున్నయ్యే. తడిసిన మాను ఒక పట్టాన తెగుతుందా! వేటుకీ వేటుకీ మధ్య ఆటోలోంచి ఆమె ఆయాసం వినబడుతూంటే, ముసలాయన ఏడుస్తూ నరికాడు. ధర్మారావు మొద్దులు పక్కకి దొర్లించాడు. చిన్నాన్న మొహం మాత్రం చూడలేదు.

మధ్యాహ్నం ఫొటోవాళ్ళు వచ్చారు. గున్నయ్య ఇంట్లోంచి బయటికే రాలేదు. పిలిచి పిలిచి, ఫొటో తియ్యకుండానే వెళ్ళిపోయారు. ఆ సంగతి ఊరంతా పాకింది.

బొడ్డమ్మ బతికి ఇంటికొచ్చింది. మనిషి సగమైపోయింది. తన తప్పు ఒప్పుకుందామని, దారంతా మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాడు గున్నయ్య. గుమ్మంలోకి అడుగు పెట్టాడో లేదో, పక్కన కూచున్న ధర్మారావు తలెత్తకముందే, మంచంమీంచి ఆమే అడిగేసింది.

"మావా, ఫొటో తీసినారా?"



"తీసినారమ్మా," అన్నాడు.

"పోన్లే. ఆ రోజు నేనాగినందుకు నీకు పనైంది," అని హాయిగా నవ్వింది బొడ్డమ్మ.

అప్పుడు చూశాడు ధర్మారావు, చిన్నాన్న మొహంలోకి.