భయమెంతో వంతెనంత

రండి, దగ్గరగా జరగండి. పెద్దమ్మా, ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకో, ఇంకొకరికి చోటు దొరుకుతుంది. ఆ, అలాగ. దేవుడి దయవల్ల చోటెప్పుడూ ఇరుకు కాదు, మనమే కాళ్ళు చాపుకుంటాం. ఇక చెవులు ఇటివ్వండి.

ఒక ఊళ్ళో నది మీద వంతెన ఉంది. దాని మీద నుంచి కిందకి చూస్తే పక్షుల వీపులు కనిపిస్తాయి, అంత ఎత్తు. పొడవు మాత్రం ఇంతని చెప్పలేం. స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి భయం ఎంతుంటే అది అంత సాగుతుంది. గుండె గట్టివాడికి నాలుగు నిమిషాల దారి, పిరికివాడికి ఒక పూట. ఒక లెక్కల మాస్టారు దాటేసరికి గీసుకున్న గడ్డం మళ్ళీ మొలిచిందట. అయితే ఎవరికెంత పట్టినా, అవతలి ఒడ్డు గడియారంలో నాలుగు నిమిషాలే గడుస్తాయి. అందుకని ఆఫీసుకి ఎవరూ ఆలస్యం కారు, కాకపోతే ఆకలితో దిగుతారు. జనం దీన్ని చలికాలం జలుబులాగే చూస్తారు. ఉంటుంది, అంతే.

వంతెన మొదట్లో రేకుల షెడ్డు, షెడ్డులో బెంచీ, బెంచీ మీద దాటించేవాళ్ళు. భయపడేవాళ్ళ దగ్గర తాళం తీసుకుని కారుని అవతలికి చేర్చడం వాళ్ళ పని. వాళ్ళలో అందరూ దాటింపక్క అని పిలిచే ఒకావిడ ఉంది. "భయమా? ఉన్నదంతా పెళ్ళిరోజే వాడేశాను, మిగల్లేదు" అంటుంది ఆవిడ.

ఒకరోజు పొద్దున్న కార్లకి సీటు కవర్లు కుట్టే ఆవిడొకతె వాళ్ళ నాన్నని తీసుకొచ్చింది. కారు లోపలి సంగతి ఆమెకి తెలిసినంత కంపెనీవాడికీ తెలియదు గానీ, వంతెన మాటెత్తితే కాళ్ళు చల్లబడతాయి. ఎప్పుడూ వెనక సీట్లో కళ్ళు మూసుకునే దాటుతుంది.

నాన్న కూరగాయల మార్కెట్లో ముప్ఫై ఏళ్ళు వేలంపాట పాడినవాడు. ఆయన "ఒకటోసారి" అంటే ఎదుటి వీధిలో పిల్లలు నిద్రలేచేవారు. ఇంట్లో మాత్రం నోరు విప్పడు, ఉప్పు కావాలన్నా వేలే చూపిస్తాడు. ఇప్పుడు ఆ గొంతులో పుండు పడింది. పది గంటలకి అవతలి ఆసుపత్రిలో ఆపరేషన్. ప్రాణం నిలుస్తుంది, గొంతు పోతుంది అని డాక్టరు ముందే చెప్పాడు. ఆయనకి అంకెలు తప్ప అక్షరాలు రావు. కూతురికి మూడేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ తల్లి ఎలా నవ్వేదో, ఎలా కోప్పడేదో తెలిసిన నోరు ఇదొక్కటే. అడిగి అడిగి విసిగిపోయింది కూతురు. ఎప్పుడడిగినా "తర్వాత చెప్తాలే" అనేవాడు.

ముందు సీట్లో నాన్న కూర్చున్నాడు. కూతురు వెనక కూర్చుని కళ్ళు మూసుకుంది. దాటింపక్క తాళం తిప్పింది. అప్పుడు ఉన్నట్టుండి నాన్న అన్నాడు:

"మీ అమ్మ నా ఎదుట మొదట చెయ్యెత్తింది ఉల్లిపాయలకి."

కూతురు కళ్ళు తెరిచింది. "ఏంటి నాన్నా?"

"ఏం లేదు. ఉల్లిపాయలు."

దాటింపక్క నడిపితే ముందుంది నాలుగు నిమిషాల దారే. కూతురు దాటింపక్క భుజం పట్టుకుంది. "ఆగక్కా. తాళం నాకివ్వు."

"నీకా? పోయిన నెల కళ్ళు మూసుకుని దాటినదానివి!"

"అందుకే ఇవ్వమంటున్నా."

దాటింపక్క ఆమె చేతుల వణుకు చూసింది, పెద్దాయన గొంతుకున్న మఫ్లర్ చూసింది. "గడియారానికి నాలుగు నిమిషాలే, సరే. నా కడుపు సంగతేంటి? పొద్దున్నించి మంచినీళ్ళు కూడా తాగలేదు" అని గొణుక్కుంటూనే దిగి వెనక సీట్లోకి వెళ్ళింది.

కారు వంతెన ఎక్కగానే అవతలి ఒడ్డు పొగలా చెదిరిపోయింది. టైర్ల కింద ఇనుప అతుకులు టక్ టక్ మంటున్నాయి. లారీ ఒకటి పక్కనుంచి పోతే గాలికి కారు అరజానెడు జరిగింది. స్టీరింగ్ మీద ఆమె చేతులు చెమటకి జారుతున్నాయి. ఎత్తు ఎక్కుతుంటే బానెట్ అవతల రోడ్డు లేదు, ఆకాశమే ఉంది. ఆ మిట్ట దాటి కిందకి దిగుతుంటే కారు ఉయ్యాలలా జారింది. ఆమె నోటి నుంచి ఒక చిన్న కేక వచ్చింది. అది భయమో సంతోషమో దేవుడికే తెలియాలి.

"చెప్పు నాన్నా."

"ఈగని తోలుకోడానికి చెయ్యెత్తింది. నేను పాట అనుకున్నా. మూడోసారి అనేసి పదకొండు బస్తాల ఉల్లిపాయలు మీ అమ్మ పేర కొట్టేశా. గుప్పెడు కొత్తిమీర కోసం వచ్చిన పిల్ల! నడుం మీద చేతులు పెట్టుకుని, ఈగకి కూడా అమ్ముతావా అని తిట్టింది. సగం బస్తాలు నేనే మోసుకెళ్ళా. నెల రోజులు ఇంటిల్లిపాదీ ఏడ్చారు, ఉల్లిపాయలు కోసి."

కూతురు పకపకా నవ్వింది. ఎదురుగా అవతలి ఒడ్డు ఠక్కున తేలింది. ఆసుపత్రి కిటికీలు కూడా లెక్కపెట్టొచ్చు.

"చెల్లీ, నవ్వకు!" వెనకనుంచి దాటింపక్క అరిచింది. "ఒడ్డొచ్చేస్తోంది! కిందకి చూడు, కిందకి!"

కూతురు కారుని కమ్మీల పక్కకి తీసి, అద్దం దించి, కిందకి చూసింది. లోతున నీళ్ళు సీసంలా మెరిశాయి. స్టీరింగ్‌ని రెండు చేతులా కరుచుకుంది. ఒడ్డు వెనక్కి పోయింది.

"నువ్వేడిస్తే మీ అమ్మ నా పాటే పాడేది. ఏడుపు ఒకటోసారి, ఏడుపు రెండోసారి... మూడోసారి అనేలోపు నవ్వేసేదానివి. పడుకుంటే నీ పాదం గుప్పిట్లో పెట్టుకునేది, లేచి ఎక్కడికి పోతావోనని."

ఆమె ఇంకోసారి కిందకి చూసింది. ఒడ్డు కొంచెమే జరిగింది. మూడోసారి చూస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. భయం అడుగంటిపోయింది. ఏం చేస్తాం, తల్లి కథ వింటున్న పిల్లకి భయం ఎక్కడ నిలుస్తుంది?

నాన్న మఫ్లర్ సవరించుకున్నాడు. "ఇంకొకటుంది" అని ఆగాడు. "పక్కన ఆపు తల్లీ. నేను నడుపుతా."

మార్కెట్ వ్యాను ఏళ్ళ తరబడి నడిపిన చేతులే. ఆ చేతులు స్టీరింగ్ మీద పడ్డాయో లేదో, ఒడ్డు మాయం. ఆసుపత్రి లేదు, చెట్టు లేదు, చూపు ఆనినంత దూరమూ వంతెనే. దాటింపక్క నోటి మీద చెయ్యేసుకుంది. "పెద్దాయనా, ఇంత పొడుగు నేనెప్పుడూ చూళ్ళేదు."

కూతురు నాన్న వైపు చూసింది. ఆయనలో ఇంత భయం ఉందని ఆమెకి తెలియదు.

"మీ అమ్మకి బాగాలేదని కబురొచ్చింది" అన్నాడు నాన్న. "అప్పటికి రెండోసారి అనేశా. పాట పూర్తిచేసి బయల్దేరా. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి..." గేరు మార్చి మళ్ళీ అన్నాడు. "ఆ మూడోసారి అనకుండా పరిగెత్తి ఉంటే?"

"పరిగెత్తితే అందేదా నాన్నా?"

"అందేది కాదేమో. అందేదేమో. ఇన్నేళ్ళూ అదే తేలలేదు."

ఆమె ఆయన వైపు తిరిగింది. మెల్లగా అడిగింది. "ఆ రోజు నన్నెవరు ఎత్తుకున్నారు?"

"నేనే. వారం రోజులు దించలేదు."

"మరి అదైనా చెప్పలేదేం?"

"అది చెబితే ఇదీ చెప్పాలిగా."

ఆమె నాన్న భుజానికి తల ఆనించింది. "ఎంత బరువు మోశావు నాన్నా" అంది, అంతే. ఎవరూ పిలవకుండానే ఒడ్డు తనంతట తాను వచ్చి కారు ముందు నిలబడింది.

గడియారంలో గడిచింది నాలుగు నిమిషాలే. దాటింపక్క ముందు రొట్టెల కొట్టు వెతుక్కుంటూ పోయింది. ఆసుపత్రిలో నర్సు ఆయన చక్రాల మంచాన్ని ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆపి, అందరినీ అడిగినట్టే అడిగింది. "తాతగారూ, అమ్మాయితో మాట్లాడేదేమైనా ఉంటే ఇప్పుడే మాట్లాడేయండి. తర్వాత కుదరదు."

ఆయన కూతుర్ని చూశాడు. "ఏమీ మిగల్లేదమ్మా" అని నర్సుతో అన్నాడు. "తీసుకెళ్ళు."

విన్నారుగా? ఇళ్ళకి పోయాక అన్నీ మరిచినా ఫరవాలేదు, ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆమె వణికే చెయ్యి చాపి తాళం అడిగింది. మీ ఇంట్లోనూ మాట దాచుకున్నవాళ్ళు ఉంటారు. వణికితే వణకండి, అయినా తాళం అడగండి. దేవుడు మీకు ఆ కాస్త దారి సాగదీయకపోడు.